పేర్లు చెరిగిన ఐదు లెన్సులు

అత్తిమంజేరిపేటలో మా నేతవీధి ఇళ్ళ వెనుక, పడమటి వైపున, పొడుగాటి దారి ఒకటి ఉండేది. అది ఏ ఊరికీ పోయే దారి కాదు. మొదట్లో నాలుగు చింతచెట్లు, చివర్లో పొలంగట్టు, ఆ రెంటి నడుమ నూరు గజాలకు తక్కువ కాని చదునైన నేల. దాన్ని మేము పడుగుదారి అనేవాళ్ళం. మగ్గం ఎక్కవలసిన నూలును తెల్లవారగానే అక్కడ నిలువునా సాచి, కర్రలకు బిగించి, గంజి పట్టించేవారు. ఇద్దరు మనుషులు చెరొక పక్క నిలబడి, కుంచెతో పోగులు దువ్వుతూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేవారు. ఎండ ముదిరేలోగా ఆ పని ముగియాలి. అంత పొడుగున వంకర లేని చోటు మా వీధికి మరొకటి లేదు. కనుక ఆ దారి పోతే మా ముప్పై మగ్గాలూ మూలపడతాయి.

నేను భౌతికశాస్త్రం ముఖ్యవిషయంగా బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడనై చెన్నపట్నం నుంచి తిరిగివచ్చింది పందొమ్మిది వందల ముప్పైల నడిమి సంవత్సరాలలో. మా వంశంలో కళాశాల మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. నేను వచ్చేనాటికి పడుగుదారి తగవు ముదిరి ఉంది. దారికి ఆనుకొని ఉన్న పొలాన్ని ఒక ఆసామి కొత్తగా కొన్నాడు. అతను చెడ్డవాడేమీ కాడు. అతని క్రయపత్రంలో దారి అనే మాట లేదు. అందువల్ల ఆ నేల కూడా తనదేనని నమ్మి, రాళ్ళు నాటించాలనుకున్నాడు. కోర్టుకు పోవడం ఇరువైపులా ఇష్టం లేక, తిరువళ్ళూరులో ఉన్న ఒక పెద్దమనిషిని మధ్యవర్తిగా ఒప్పుకున్నారు. ఆయన సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి పుచ్చుకున్నవారు. మాతృభాష అరవమైనా, చిత్తూరు వైపు చాలాకాలం ఉద్యోగం చేసినందువల్ల తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. మోకాళ్ళ నొప్పి కారణంగా ఊరు దాటలేకపోయేవారు.

మా వైపు ఉన్న ఒకే ఒక ఆధారం పాత పటం. పేట కట్టిన కాలంలో, గుడ్డ అంటించిన కాగితం మీద సిరాతో గీసినది. అడుగుకు కాస్త తక్కువ పొడవు ఉంటుంది. అది మా కులపెద్ద ఇంట కొయ్యపెట్టెలో ఉండేది. పరాయి ఇంట ఒక్క రాత్రి కూడా దాన్ని ఉంచకూడదని కట్టుబాటు. మధ్యవర్తిగారేమో నెల రోజులు తన బల్ల మీద ఉంచుకొని నెమ్మదిగా కొలిస్తే తప్ప తీర్పు చెప్పనన్నారు. చేత్తో నకలు గీయిస్తామంటే ఆసామి ఒప్పుకోలేదు. గీసే చెయ్యి గీయించేవాడి మాట వింటుందన్నాడు. చివరకు పటాన్ని అంగుళానికి అంగుళం సమంగా ఫోటో తీసి ఇవ్వాలని, అసలు పటాన్ని ఆ రోజు చూపి వెంటనే తీసుకుపోవచ్చునని నిర్ణయమైంది.

మా అక్క భర్త తిరుత్తణిలో, కొండ మెట్ల వీధి మొదట్లో, ఫోటో స్టూడియో నడిపేవాడు. గుండు చేయించుకున్న యాత్రికులు, కావడి మోసినవారు, కొత్త దంపతులు ఆయన గిరాకీ. మొదటి ఫోటో ఆయనే తీశాడు. నాయనా నేనూ దాన్ని తీసుకొని అరక్కోణంలో బండి మారి తిరువళ్ళూరు వెళ్ళాము. మధ్యవర్తిగారు దంతపు కొలబద్దను ఫోటో మీద పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

“ఏమప్పా, మీ దారికి కడుపొచ్చిందే!” అన్నారు. “నడుమ ఒక లెక్క వస్తా ఉంది, ఓరన ఇంకొక లెక్క వస్తా ఉంది. ఈ మూల గీతలు చూడు, చలికాలం మంచులో ఉన్నట్టున్నాయి.”

ఆసామి తరఫున వచ్చిన మనిషి నవ్వాపుకోలేకపోయాడు. “పోనీలే సామీ, ఫోటో తీసినప్పుడల్లా నేల పెరుగుతా ఉంటే మంచిదే గదా. మా అయ్యకి కూడా ఒగ ఫోటో తీయించమని చెప్తా.”

మధ్యవర్తిగారు నవ్వలేదు. అరవవారి ఆడి మాసం పుట్టేలోగా కొలవదగిన నకలు ఇవ్వకపోతే, ఆసామి కొత్తగా గీయించిన పటాన్నే చూసి తీర్పు చెప్పవలసి వస్తుందని అన్నారు. మూడు వారాల వ్యవధి ఉంది. తిరుగు ప్రయాణంలో నాయన ఒక్క మాటే అన్నాడు.

“నువ్వు సదివింది ఈ అద్దాల సంగతే గదా నాయనా?”

అవునన్నాను. ఆ మాటతో బాధ్యత నా మీద పడింది.

*

తప్పు మనిషిది కాదు, లెన్సుదని నాకు తెలుసు. బావ వాడినది ముఖచిత్రాలకు ఉద్దేశించినది. ముందువైపు పెద్ద గాజు, పక్కన వెలుగును తగ్గించే రంధ్రపు రేకు బిళ్ళలు దించడానికి ఒక సందు, ఇత్తడి గొట్టం. అది నడుమ ఉన్నదాన్ని కత్తితో కోసినట్టు స్పష్టంగా చూపిస్తుంది. చుట్టూ ఉన్నదాన్ని మసకబరుస్తుంది, వంచుతుంది. ముఖానికి అది అందం. పటానికి అదే దోషం. నకళ్ళు తీయడానికి వేరే జాతి లెన్సులు ఉంటాయి. చెన్నపట్నంలో మూతపడిన ఒక స్టూడియో సామాను వేలంలో బావ ఏడెనిమిదేళ్ళ క్రితం ఒక పెట్టె కొన్నాడు. అందులో ఐదు లెన్సులున్నాయి. ఒకదాన్ని మాత్రం వాడుతూ, తక్కిన నాలుగింటిని గాజుబీరువాలో వరుసగా నిలబెట్టాడు. అవి బంగారంలా మెరుస్తూ ఉంటే కొండకు వచ్చిన అవ్వలు కొందరు వాటికి కూడా దండం పెట్టి పోయేవారు.

నేను నాలుగింటినీ బయటికి తీసి తిప్పి చూశాను. ఏ గొట్టం మీదా ఒక్క అక్షరం లేదు. లెన్సు చేసినవారు తమ పేరు, రకం, కొలత ఇత్తడి మీద చెక్కుతారు. వాటిని చదివితే సగం పని అయిపోతుందనుకున్నాను.

“ఈటి మీద రాతలు ఉండాల్నే బావా?”

“ఉండె. కొన్నప్పుడు నేనే చూసినా. మీ అక్క ప్రతి శుక్రవారం చింతపండు, ఇటికెపొడి ఏసి తోమి తోమి, కంపెనీవోళ్ళ తాతముత్తాతల పేర్లు కూడా లేకుండా చేసింది.”

లోపల పొయ్యి దగ్గర నుంచి అక్క గొంతు వచ్చింది. “మకిలి పట్టిన సామాను చూసి ఎవురన్నా అంగట్లోకి వస్తారా? కుందులు తోమినట్టే తోమినా. అద్దం మీద చెయ్యి పెట్టినానా? అడుగు మీ బావని!”

“పెట్టలే తల్లీ. అద్దాలు మిగిలినాయి. బామ్మర్ది బి.ఏ. చదివినాడు, ఇప్పుడు ఆయప్పే పేర్లు పెడతాడు, బారసాల చేద్దాం.”

పేర్లు లేని లెన్సులను గుర్తుపట్టడానికి మార్గాలున్నాయి. కళాశాలలో నేను వాటిని శ్రద్ధగా రాసుకున్నాను. మొదటిది, లెన్సును కిటికీ ఎదుట పట్టుకొని దూరపు వస్తువు బింబాన్ని తెల్లగుడ్డ మీద పడనిచ్చి, ఎంత దూరంలో అది స్పష్టపడుతుందో కొలవడం. స్టూడియో కిటికీలోంచి కొండ మీది మంటపం కనిపించేది. అది తలకిందులుగా బావ తుండుగుడ్డ మీదకు దిగేది. రెండవది, గొట్టం కట్టుబడిని పరిశీలించడం. మూడవది అన్నిటికన్నా నమ్మకమైనది. చీకటిగదిలో ఒక దీపం పెట్టి, గాజులో ఆ దీపం ఎన్నిసార్లు ప్రతిఫలిస్తుందో లెక్కించాలి. గాలి తగిలే గాజుతలం ప్రతిదీ ఒక వెలుగు జ్వాలను చూపిస్తుంది. రెండు గాజులను పారదర్శకమైన జిగురుతో అంటించి ఉంటే, ఆ అతుకు దగ్గర మాత్రం చాలా మందమైన జ్వాల కనిపిస్తుంది. ఈ లెక్కను బట్టి లోపల ఎన్ని గాజులున్నాయో, ఎలా అమర్చారో మరలు విప్పకుండానే చెప్పవచ్చు.

మధ్యాహ్నం వేళ చీకటిగదిలో కూర్చొని ఒక్కొక్కదాన్నే పరీక్షించాను. మొదటిది ఉసిరికాయ అంతది. రెండు గాజుచిప్పలు ఎదురెదురుగా మూసినట్టుంది. కెమెరాకు తగిలించి గడపలో నిలబెడితే ఎదుటి అంగళ్ళ వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా కెమెరా వెనుకనున్న మసక అద్దం మీదకు వచ్చింది. వెనక్కి జరగడానికి చోటు లేని సందుల్లో కట్టడాలను తీయడానికి చేసిన లెన్సు అది.

“అడ పాపమే!” అని బావ తల పట్టుకున్నాడు. “ఇన్నేండ్లుగా మెట్లవీధిని ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తా ఉండానే! ఇది బీరువాలో కూచోని నన్ను చూసి నవ్వుకొనింటాది.”

రెండవదాని బింబం ఎంత సరిచేసినా తేటపడదు. ప్రతి వెలుగు చుట్టూ పాలమీగడ లాంటి పొర. బావ దానికి శుక్లం వచ్చిందని పక్కన పెట్టాడు. అది రోగం కాదని, ముఖాల మీది ముడతలు మృదువుగా కనిపించడానికి కావాలనే అలా చేశారని, చిన్న రంధ్రపు బిళ్ళ దించితే ఆ పొర తగ్గుతుందని వివరించాను. అక్కను పిలిచి ఎదుట కూర్చోబెట్టాము. బావ నల్లగుడ్డ కింద తలపెట్టి చాలాసేపు చూశాడు.

“ఏమే, పదేండ్లు తగ్గినాయి నీకు.”

“నీకు ఆ గుడ్డ కిందనే బాగుంటాది, ఆడనే ఉండు” అంది అక్క.

మూడవదానికి పక్కన పళ్ళచక్రం, మర ఉన్నాయి. బిళ్ళలు దించే సందు లేదు. అది కెమెరాది కాదు, గోడ మీద బొమ్మలు వేసే దీపపు పెట్టెది. ఇక మిగిలింది ఒకటి. పొడుగాటి గొట్టం, దాని పొడవుకు తగని చిన్న గాజులు. కెమెరాకు పెడితే బింబం ఎంత మసక చీకటిగా ఉంటుందంటే, బావ దాన్ని గుడ్డిది అని పిలిచేవాడు. కొండ మంటపం దానిలోంచి సరిగ్గా అడుగు దూరంలో స్పష్టపడింది. బిళ్ళలకు సందు ఉంది. దీపం ఎదుట పట్టుకొని ముందు సగంలో లెక్కించాను: రెండు జ్వాలలు. తిప్పి వెనుక సగంలో లెక్కించాను: రెండు. మొత్తం నాలుగు. అంటే ఒక్కొక్క వైపు ఒక్కొక్క ఒంటరి గాజు మాత్రమే. అలాంటి గాజు రంగులను ఒకచోట చేర్చలేదు. కంటికి స్పష్టంగా కనిపించినది ఫోటో పడే గాజు ప్లేటు మీద మసకబారుతుంది. పటం నకలుకు పనికిరాదు.

నోటు పుస్తకంలో “నాలుగవది: నాలుగు ప్రతిఫలనాలు, ఒంటి గాజులు, నకలు పనికి అనర్హం” అని రాసి, అనర్హం అన్న మాట కింద గీత కూడా గీశాను. బావ ఆ గీతను చూసి లెన్సును మళ్ళీ బీరువాలో పెట్టాడు. చెన్నపట్నంలో ఎవరినైనా అడిగి తెప్పించుకునేంత వ్యవధి లేదు. అప్పటికే వారం గడిచిపోయింది.

*

మరుసటి రోజు మధ్యాహ్నం నాయన వచ్చాడు. భుజాన గళ్ళ రుమాళ్ళ మూట. తిరుత్తణి అంగడికి ఇవ్వవలసినవి. ఆసామి బండి నిండా రాళ్ళు తెచ్చి గట్టు పక్కన దించాడని చెప్పాడు. నాటలేదు, దించాడంతే. ఆడి పుట్టేదాకా ఆగుతానన్నాడట.

“నీది యాడిదాకా వచ్చింది?” అని అడిగాడు.

అనర్హమని రాసిన పుస్తకాన్ని చూపి ప్రయోజనం లేదు. నాయనకు తెలుగు అక్షరాలు వచ్చినా నా రాత ఇంగ్లీషులో ఉంది. అందుచేత చీకటిగదిలోకి పిలుచుకుపోయి, దీపం వెలిగించి, గుడ్డి లెన్సును చేతికిచ్చి, లెక్కించే పద్ధతి చెప్పాను. ఎందుకు పనికిరాదో నాయనకు కూడా తెలియాలని మాత్రమే నా ఉద్దేశం.

నాయన లెన్సును పైకెత్తి, ఒక కన్ను మూసి, పోగు తెగిన పడుగును చూసినట్టు చూశాడు.

“ఎన్నంటివి?”

“ఈ పక్క రెండు, ఆ పక్క రెండు.”

“మూడు గదా ఉండేది.”

“రెండే నాయనా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.”

“ఆ రెండు సరే. ఆటి నడాన ఇంకొగటి అణిగి ఉండాది. ఆరిపోయే వొత్తి మాదిరి, ఎర్రగా.”

“యాడ?”

“దీపాన్ని రవంత పక్కకి జరుపు. అదో, మూడూ జరిగినాయి. కనపళ్ళేదా?”

నాకు కనపడలేదు. నాయన నా గడ్డం పట్టుకొని తల వంచాడు, లెన్సును గోరంత తిప్పాడు, దీపాన్ని నా చేతే అటూ ఇటూ కదిలించాడు. చాలాసేపటికి, రెండు వెలుగుల నడుమ, గింజ అంత ఎర్రని మసక ఒకటి కదిలింది. అది అంతకు ముందు కూడా అక్కడే ఉంది. నేను దాన్ని చూసి కూడా చూడలేదు.

తలుపు సందులోంచి బావ అన్నాడు: “తెల్లపోగుల్లో తెల్లపోగు తెగితే యెతికి పట్టే మనిషి మామ. నువ్వేమో కండ్లు కూడా కాలేజీలోనే పెట్టొచ్చినట్టుండావు బామ్మర్దీ.”

నాకు మొదట సిగ్గు కలిగింది. ఆ సిగ్గు పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. వెనుక సగంలో కూడా మూడో జ్వాలను నాయన చూపించగానే నా మనసు వేరే లెక్కలోకి వెళ్ళిపోయింది. ఒక్కొక్క వైపు అంటించిన జంట గాజులు. రెండు వైపులా అవే జంటలు, ఎదురెదురుగా. రంగులు ఒకచోట చేరతాయి. ముందు జంట గీతను ఎటు వంచితే వెనుక జంట దాన్ని తిరిగి అటు నుంచి లాగి నిలువు చేస్తుంది. పటానికీ ప్లేటుకూ సరిగ్గా మధ్యలో నిలిపితే, సమాన కొలతకు ఇంతకంటే తగినది ఉండదు. గుడ్డిదని పేరు పడింది గానీ, అది చేసే పనికి వేగం అక్కరలేదు. పటం కదలదు కదా. నేను అనర్హం అన్న పంక్తిని కొట్టివేసి, “నాలుగు వెలుగు, రెండు మసక, లెక్కించినది మా నాయన” అని కింద రాశాను.

“అయితే పనికొస్తాదా?” అని అడిగాడు నాయన.

“పుస్తకం ప్రకారం రావాలి.”

“పుస్తకం ప్రకారం అని నిన్న రాదంటివంట గదా. చూసి చెబుదాం పట్టు.”

నాయన మూట విప్పి, ఒక గళ్ళ రుమాలును స్టూడియో గోడకు నాలుగు మూలలా లాగి బిగించాడు. “ఇవి నేను నేసిన గళ్ళు. వంకర కనపడితే అది అద్దానిది, నాది గాదు” అన్నాడు. బావ ముందు పాత లెన్సు తగిలించాడు. నాయన నల్లగుడ్డ కింద దూరి, రుమాలు అంచు నుంచి లాగిన ఒక దారాన్ని మసక అద్దం మీద బిగువుగా పట్టుకొని, గడి గీత వెంబడి ఆనించాడు.

“నడాన దారమూ గీతా ఒగటే. కొసల్లో దారం ఈ పక్క, గీత ఆ పక్క.”

“తలకిందులుగా ఉండాది గదా మామా, తెలస్తా ఉండాదా?” అన్నాడు బావ.

“గళ్ళకి తలా కాళ్ళా అబ్బయ్యా? మార్చు.”

గుడ్డి లెన్సు తగిలించాము. బింబం మసకగా ఉండడంవల్ల నాయన గుడ్డ కింద చాలాసేపు ఉన్నాడు. కండ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలలేదు. తర్వాత దారం ఒక్కొక్క గీత మీద పెట్టి, పైనుంచి కింది దాకా చూశాడు. బయటికి వచ్చేటప్పటికి నుదుట చెమట, జుట్టు రేగి ఉంది.

“దారం కింద గీత దాక్కొంటా ఉండాది. ఈ కొసా, ఆ కొసా” అన్నాడు.

*

సమాన కొలత రావాలంటే లెన్సు నుంచి ప్లేటు దాకా రెండడుగులు ఉండాలి. బావ కెమెరా తిత్తి అంత సాగదు. మా పేటలో మగ్గాలు చేసే వడ్రంగి దాని ముందు తగిలించడానికి ఒక చెక్కగూడు చేసిచ్చాడు. లోపల నాయన నల్లగుడ్డ అంటించాడు. ఈ పనికి ఐదు రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక ఉదయం కులపెద్ద పటాన్ని ఒళ్ళో పెట్టుకొని ఎద్దులబండిలో తిరుత్తణికి వచ్చాడు.

పలకకు పటాన్ని ఆనించి బావ చిన్న మేకులు తీయగానే ఆయన అడ్డం వచ్చాడు. “మేకులా? మా పెద్దల పటానికి మేకులు కొడతావా నువ్వు?”

“కొట్టకుంటే నిలబడదు పెద్దయ్యా.”

“నిలబడకుంటే నేను పట్టుకుంటా.”

నాయన నూలు కండె తీసి, పలక చుట్టూ పైనా కిందా పడుగు బిగించినట్టు పోగులు బిగించి, గీతలు లేని ఓరన పటాన్ని వాటి కిందికి దూర్చాడు. పటం పలకకు అతుక్కుపోయింది. కులపెద్ద వేలితో తాకి చూసి తల ఊపాడు.

పెరట్లో నీడపట్టున కెమెరా నిలిపాము. పలకకు, లెన్సుకు, ప్లేటుకు నడుమ దూరాలను నేను రెండేసిసార్లు కొలిచాను. చిన్న బిళ్ళ దించి, బావ మూత తీశాడు. గడియారం చూడడం నా పని. మూడు నిమిషాలు. అంతసేపూ కులపెద్ద చేతులు కట్టుకొని, రెప్ప వేయకుండా, ఊపిరి బిగబట్టి పటం పక్కన నిలబడ్డాడు. రెండో నిమిషంలో ఆయన ముఖం ఎర్రబడడం చూసి బావ మెల్లగా అన్నాడు:

“మీరు ఊపిరి తీసుకోండి పెద్దయ్యా. తీస్తా ఉండేది పటాన్ని, మిమ్మల్ని గాదు.”

ప్లేటు కడిగి ఆరబెట్టి అచ్చు తీశాము. మూలల్లో ఉన్న అక్షరాలు కూడా చదవగలిగేటట్టున్నాయి. నేను కొలబద్ద పెట్టబోతే నాయన ఆపాడు; కొలవవలసిన మనిషి తిరువళ్ళూరులో ఉన్నాడన్నాడు.

ఆడి మాసానికి నాలుగు రోజుల ముందు, అసలు పటంతో సహా, మేము వెళ్ళాము. ఆసామి ఈసారి స్వయంగా, తన మనిషితో కలిసి వచ్చాడు. మధ్యవర్తిగారు అసలు పటాన్నీ ఫోటోనూ పక్కపక్కన పరచి, అడ్డంగా, నిలువుగా, మూలకు మూల కొలిచారు. కొలిచి కొలిచి కళ్ళజోడు తీశారు.

“వెంట్రుకంత తేడా లేదు. ఏ కంపెనీ లెన్సు ఇది?”

“పేరు లేదండి. మా అక్క తోమేసింది” అన్నాను.

ఆయన నవ్వారు. ఆసామి మనిషి మాత్రం ఊరుకోలేదు. “మొన్న ఒగ అద్దం, ఇయ్యాళ ఒగ అద్దం. పేరు లేని దాన్ని యెట్ల నమ్మేది సామీ? వాళ్ళకి తగ్గట్టు తిప్పినారేమో. ఇది నకలు తీసేదే అని చెప్పిందెవురు?”

న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు నిలబడకపోతే ఫోటో నిలబడదు. బి.ఏ. పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను గుర్తించానని చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అందరూ నమ్మేవారే. నోటు పుస్తకం తీసి, కొట్టివేసిన పంక్తిని మధ్యవర్తిగారికి చూపించాను. నేను పొరపడ్డానని, మసక జ్వాలలను కనిపెట్టింది మా నాయన అని చెప్పాను.

ఆయన నాయనను కింది నుంచి పైకి చూశారు. సొరుగులోంచి బొటనవేలంత భూతద్దం ఒకటి తీశారు. కిటికీలు మూయించి దీపం తెప్పించారు. “దీంట్లో ఎన్ని ఉన్నాయో చెప్పు. దీని లోపల ఏముందో నాకు తెలుసు” అన్నారు.

నాయన దాన్ని కొనవేళ్ళతో పట్టుకున్నాడు. మా దారి ఆ క్షణంలో నాయన కంటి మీద ఆధారపడి ఉంది. నాయన ఒక కన్ను మూసి, దాన్ని దీపం ఎదుట గోరంత తిప్పాడు.

“వెలుగుగా రెండు సామీ. నడాన అణిగినవి… ఒగటి. ఉండండి. ఒగటి గాదు, దాని ఎనకాల ఇంకొగటి. రెండు.”

“మూడు గాజులు అతికించింది అది” అన్నారు మధ్యవర్తిగారు ఆసామి వైపు తిరిగి. “నాకు చెప్పిచ్చిన దొరకు కూడా రెండోది కనపడడానికి ఒక పూట పట్టింది. ఇంకేమన్నా అడగాలా?”

ఆసామి తల అడ్డంగా ఆడించాడు. తన మనిషిని ఊరుకోమని చేత్తో సైగ చేశాడు.

ఫోటోకు జతగా లెన్సును గురించి ఒక ధ్రువపత్రం రాయమన్నారు. నేను జాగ్రత్తగా రాసి, కింద సంతకం చేయబోయాను. ఆయన కలం అడ్డం పెట్టారు. “మొదట మీ నాయన. వృత్తి కూడా రాయాల.” నాయన వెనక్కి తగ్గాడు. “బి.ఏ. సంతకం పైన ఉంటేనే అందం సామీ.” “కనిపెట్టింది ఎవరప్పా?” అని ఆయన కాగితాన్ని నాయన వైపు జరిపారు. నాయన మెల్లగా, అక్షరం తర్వాత అక్షరం రాసి, పక్కన “నేత” అని చేర్చాడు. నా సంతకం, నా పట్టా దాని కింద ఉన్నాయి. ఆ తర్వాత నేను పెట్టిన సంతకాలన్నిటిలోనూ నాకు అంత గర్వం కలిగించినది మరొకటి లేదు.

తీర్పు అయిదు రోజుల్లో వచ్చింది. పటంలో ఉన్న వెడల్పున దారి నేతవీధిది. మధ్యాహ్నాలు పడుగు లేని వేళ తన బండి పోనివ్వాలని ఆసామి అడిగితే పెద్దలు సరేనన్నారు. రాళ్ళను అతను తన బావిగట్టుకు తోలించుకున్నాడు.

మరునాడు తెల్లవారి దారి మీద మొదటగా కులపెద్ద ఇంటి పడుగును సాచారు. కుంచె పట్టేవాళ్ళలో ఒకడికి జ్వరం రావడంతో నన్ను పిలిచారు. నాయన ఒక పక్క, నేను ఇంకొక పక్క నడిచాము. నేను దువ్విన చోట రెండు పోగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. నాయన నడక ఆపకుండానే వేలు పెట్టి వాటిని విడదీశాడు.

“అదుమొద్దు నాయనా. కుంచెని పోవనీ” అన్నాడు.

నేను చెయ్యి తేలిక చేశాను. చింతచెట్ల దాకా ఇంకా అరవై గజాలుంది.